మెహమూద్ భాయ్ అడిగిన యాపిల్

నల్లగొండలో సోమవారానికి ప్రజావాణి అని ఇంకో పేరు. పొద్దున తొమ్మిది కాకముందే కలెక్టరేట్ ముందు ఆటోలు వరస కడతాయి. పట్టా కానివాళ్లు, పింఛను ఆగినవాళ్లు, పక్కింటివాడి గోడ తమ జాగాలోకి జరిగిందని మండిపడేవాళ్లు, అందరూ దిగుతారు. లోపల అధికారి చేతిలో పెట్టడానికి ఒక అర్జీ కావాలి. అది టైపు చేసిపెట్టే దుకాణాలు రోడ్డుకు ఇవతల అయిదు ఉన్నాయి. నాలుగింట్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే, జనం ఎండలో నిలబడి మరీ అయిదోదాని ముందే ఎదురుచూస్తారు. అది మెహమూద్ భాయ్ దుకాణం.

కరోనా తగ్గి జనం మూతిగుడ్డలు తీసేసిన ఆ ఏడు మెహమూద్‌కు యాభై నాలుగేళ్లు. తెల్ల టోపీ, సగం నెరిసిన గడ్డం, నవ్వితే ముందుగా కదిలే పొట్ట. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. బడిలో చదివింది తెలుగు. పాతికేళ్ల కిందట హైదరాబాద్ ఛత్తా బజారులో పెళ్లిపత్రికల ప్రెస్సులో కూర్చుని కంప్యూటర్ మీద తెలుగు కొట్టడం నేర్చుకుని వచ్చాడు. అప్పటినుంచి నల్లగొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకు సగం శుభలేఖలు ఆయన వేళ్ల మీదుగా పోయినవే. ఒకసారి ఒక తెలుగు పంతులుగారు తన కూతురి లగ్నపత్రిక రాసి తెచ్చి ఇస్తే, అందులో నాలుగు తప్పులు దిద్ది, "సారూ, మీ పేర్ల గూడ ఒక అక్షరం పొయ్యింది, పెట్టిన" అన్నాడు. పంతులుగారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మెహమూద్ అందరికీ చెప్పాడు.

జనం ఎండలో నిలబడేది తప్పులు లేని తెలుగు కోసం మాత్రమే కాదు. మెహమూద్ టైపు చేసేటప్పుడు కీబోర్డు చూడడు. తెర కూడా చూడడు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తాడు. "ఇగ చెప్పు" అంటాడు. అంతే, వాళ్లు చెబుతూ ఉంటారు, ఆయన తల ఊపుతూ ఉంటాడు, కింద వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, తిట్టేవాళ్లు తిడతారు. చివరికి లేచేసరికి కాగితం సిద్ధంగా ఉంటుంది. తిట్లు తీసేసి, గోడు మిగిల్చి.

వినడమంటే చెవులతో చేసే పని అని ఎవరన్నారో గానీ, వాళ్లు ఏనాడూ ఆఫీసు కిటికీ ముందు నిలబడి ఉండరు. కిటికీ అవతలి మనిషి కాగితాల్లో తల దూర్చి "ఊఁ, చెప్పు" అంటే ఎవరికైనా అసలు మాట గొంతులోనే ఆగిపోతుంది. ఏ ఊరివాళ్లయినా సరే, తమ ముఖం చూసేవాళ్లకే తమ సంగతి చెబుతారు. మెహమూద్‌కు ఇది ఎవరూ నేర్పలేదు, వేళ్లకు దారి తెలుసు కాబట్టి కళ్లకు తీరిక దొరికింది, అంతే.

అలాంటి దుకాణంలో ఒక శుక్రవారం నమాజు చేసుకుని వచ్చి స్విచ్ నొక్కితే కంప్యూటర్ టకటకమని పళ్లు కొరికి ఊరుకుంది. రిపేరు చేసేవాడు వచ్చి విప్పి చూసి పెదవి విరిచాడు. లోపలి డిస్కు పోయింది. కొత్త డిస్కు వేయవచ్చు. కానీ కొత్త విండోస్‌ను ఈ ముసలి పెట్టె మోయలేదు. పాతదాని దొంగ కాపీ తన దగ్గర ఉంది, దానితో పాటు తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కు కూడా దొంగ కాపీ సంపాదించవచ్చు. ఇన్నాళ్లూ మెహమూద్ వాడింది కూడా అలాంటిదే. మెహమూద్ ఇంటికి వచ్చి ఈ మాట మామూలుగానే చెప్పాడు.

భార్య గజాలా కుట్టుమిషన్ ఆపింది. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది, ఒకటికి రెండుసార్లు కొలిచి గానీ బట్ట కోయదు. వాళ్లు మాట్లాడుకున్నది ఉర్దూలోనే అయినా మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"వచ్చే ఏడు మక్కాకు ఉమ్రా యాత్ర పోదామని పాస్‌పోర్టులు చేయించుకుని, దొంగ సరుకు మీద సంపాదించిన కూడు తింటామా?"

"అది సరుకు కాదు, సాఫ్ట్‌వేర్."

"దొంగ అన్న మాట ముందుందా, లేదా?"

ఉంది. ఆ రాత్రి మెహమూద్ అన్నం సగమే తిన్నాడు.

ఆయన దిగులు విని తెల్లారేసరికి దుకాణం ముందు దిగినవాడు విజేందర్. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్లు లైన్లు కలిపి రిటైరైన మనిషి. అరవై మూడేళ్లు. రిటైరైనవాళ్లు కొందరు తీర్థయాత్రలు పడతారు, కొందరు షుగరు పడతారు. విజేందర్ లైనక్స్ పట్టాడు. మెడలో తాడుకు అయిదు పెన్‌డ్రైవ్‌లు కట్టుకుని తిరుగుతాడు. ఒక్కోదానిలో ఒక్కో రకం లైనక్స్, అంటే ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటర్‌ను లేపి నిలబెట్టి, తెరనూ కీబోర్డునూ ప్రింటర్‌నూ ఒక తాటిమీద నడిపించే మూల సాఫ్ట్‌వేర్ అది. విజేందర్ దగ్గరున్నవన్నీ లోపలి రాతను బాజాప్తా తెరిచిపెట్టి, వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని వదిలిపెట్టినవి. మనుషులు అంగీలు మార్చినట్టు ఆయన తన ఇంటి కంప్యూటర్‌కు వారానికొకటి మారుస్తాడు. ఆయన భార్య ఆ కంప్యూటర్‌ను ముట్టుకోవడం ఎప్పుడో మానేసింది.

"మెహమూద్, దీన్ల దొంగతనమే లేదు. అంత ఫ్రీ. ఫ్రీ అంటే ఉత్తగ అని గాదు, స్వేచ్ఛ అని," అన్నాడు విజేందర్.

"ఉత్తగ గూడ అయితదా అన్నా?"

"అయితది."

"గట్లయితే రెండూ ఇయ్యి."

దొంగతనం లేదనేసరికి గజాలా నెత్తిన పాలు పోసినట్టయింది. కొత్త డిస్కు బిగించి, శనివారమే మొదటి పెన్‌డ్రైవ్ గుచ్చారు. అది ఉబుంటు. చూడ్డానికి దర్జాగా ఉంది. కానీ ముసలి పెట్టె దాని దర్జాను మోయలేకపోయింది. ఒక కిటికీ తెరవమంటే, అది తెరుచుకునేలోపు చాయ్ తాగి కప్పు కడిగి బోర్లించవచ్చు. విజేందర్ ఏమాత్రం బెదరకుండా మెడలోని ఇంకో పెన్‌డ్రైవ్ తీశాడు.

"గిది మింట్. మింట్ అంటే పుదీన."

"తినేదా?"

"వాడి చూడు, నీకే తెలుస్తది."

పుదీన బాగా పట్టింది. ముసలి కంప్యూటర్‌కు దాంతో పదేళ్ల వయసు తగ్గింది. ప్రింటర్ కూడా మొదటి పిలుపుకే పలికింది. తెలుగు కొట్టడానికి విజేందర్ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక పెట్టాడు. సర్కారు ఒప్పుకున్నది అదేనట, దేశమంతటికీ ఒక్కటేనట. కుర్చీ జరిపి, "కూసో, కొట్టు," అన్నాడు పెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టినంత సంబరంగా.

మెహమూద్ కూర్చున్నాడు. అలవాటుగా విజేందర్ ముఖం చూస్తూ 'సవినయంగా మనవి చేయునది' అని కొట్టి, తెర వైపు తిరిగాడు. అక్కడున్నది తెలుగు అక్షరాలే. అక్షరాలు తప్ప ఇంకేమీ తెలుగు కాదు. కాలూ చెయ్యీ లేని ఒత్తులు, ఎవరివో దీర్ఘాలు, మధ్యలో ఒక సున్నా. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

"అన్నా, అక్షరాల జాగాలు మారిపొయినయి."

"రెండు దినాలల్ల అలవాటైతయి తియ్యి. పాతదానికన్న ఇదే శాస్త్రీయం."

శాస్త్రీయం కావచ్చు. కానీ పాతికేళ్లుగా 'మ' ఎక్కడుందో వేలికి తెలుసు. ఇప్పుడు మెదడును అడిగితే మెదడుకు తెలియదు, ఎందుకంటే వేలు ఎప్పుడూ దానికి చెప్పనేలేదు. మెహమూద్ ఒక కాగితం మీద ఇన్‌స్క్రిప్ట్ బొమ్మ ప్రింటు తీసి కీబోర్డు పక్కన అతికించుకున్నాడు. ఒకటో తరగతి పిల్లాడి పెద్ద బాలశిక్షలా అది ఆయన్ని చూస్తూ ఉంది.

సోమవారం వచ్చింది. ఎప్పటిలాగే జనం. నాలుగో మనిషిగా అరుణమ్మ అనే ఆవిడ వచ్చి కూర్చుంది. కనగల్ అవతలి పల్లె. యాభై దాటిన వయసు, నల్లంచు చీర, ఒళ్లో గుడ్డసంచి గట్టిగా పట్టుకుని ఉంది.

"చెప్పు చెల్లె," అన్నాడు మెహమూద్. కళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి.

"మా ఊరికి ఆదివారం గూడ బస్సొస్తుండె భాయ్. బందు పెట్టిండ్రు. మళ్ల ఎయ్యాలె."

'మా' దొరికింది. 'ఊ' కోసం కాగితం మీద వెతికాడు. ఆమె ఆగి ఎదురుచూసింది. "ఊఁ, చెప్పు," అన్నాడు తల ఎత్తకుండా. ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు తనకే ఒళ్లు మండింది.

"అంతే భాయ్. బస్సు కావాలె."

"ఆదివారమే ఎందుకోసరం?"

ఆమెకు కనిపిస్తున్నది ఆయన తెల్ల టోపీ ఒక్కటే. టోపీకి ఏం చెప్పుకుంటుంది? ఏదో అనబోయి, సంచి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఏదో... పనులుంటయి గద," అంది.

'వివిధ పనుల నిమిత్తం' అని కొట్టాడు. నాలుగు వాక్యాలకు పావుగంట. ఆమె కాగితం మడిచి పట్టుకుని వెళ్లిపోయాక, ఆమె ఏదో చెప్పబోయి మింగేసిందన్న సంగతి మెహమూద్‌కు తట్టింది. లేచి బయటికి వచ్చి చూశాడు. ఆమె అప్పటికే గేటు దాటి లోపలికి పోయింది. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. ఆమె మీద జాలితో కాదు, తన మీద తనకే.

ఆ సాయంత్రం విజేందర్ ఎలా ఉందని అడగడానికి వచ్చాడు. మెహమూద్ ఒకే మాట చెప్పాడు.

"అన్నా, నాకు యాపిల్ కావాలె."

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే కథ అర్థం కాదు. తెలుగు టైపు చేసే పాత తరంవాళ్లకు యాపిల్ అంటే పండు కాదు, కంపెనీ కాదు, ఖరీదైన ఫోనూ కాదు. అక్షరాలు కీబోర్డు మీద ఏది ఎక్కడుండాలో చెప్పే ఒక అమరిక పేరు. ఛత్తా బజారులో ఉస్తాద్ నేర్పినప్పుడు "యాపిల్ నేర్చుకుంటవా, ఇంకోటి నేర్చుకుంటవా?" అని అడిగాడు. మెహమూద్ యాపిల్ అన్నాడు. దానికి ఆ పేరెందుకు వచ్చిందో ఉస్తాద్ చెప్పలేదు, ఈయన అడగలేదు. ప్రెస్సుల్లో ఆ మాట ఉప్పు, పప్పు అన్నంత మామూలు. టెలిఫోన్ స్తంభాలెక్కిన విజేందర్‌కు మాత్రం అది ఎన్నడూ చెవిన పడని మాట.

విజేందర్ ముఖం మాడిపోయింది. "యాపిలా? నేను తెరిచిన దర్వాజ చూపిస్తాంటే, నువ్వు తాళమేసిన బంగ్లా అడుగుతున్నవా?"

"బంగ్లా ఏందన్నా? నాకు యాపిల్ ఒక్కటుంటే చాలు. వేరేదేదీ నా వేళ్లకు ఎక్కదు."

"నీ వేళ్లకు బాగనే రుచి తెల్సు," అని విజేందర్ కోపంగా వెళ్లిపోయాడు.

కోపం ఒక వారం పైనే ఉంది. ఆ వారమంతా మెహమూద్ కాగితం చూసి కొడుతూనే ఉన్నాడు. వేళ్లు ఏనాటికైనా నేర్చుకుంటాయని తెలుసు, కానీ జనం అంతవరకు ఆగుతారా? ఆగలేదు. రెండో సోమవారానికి వరసలో సగం మంది పక్క దుకాణాల్లోకి జరిగారు. అక్కడా తల దించుకునే కొడతారు, కానీ కాస్త తొందరగా కొడతారు. మెహమూద్‌కు గిరాకీ తగ్గిన బాధ ఉంది. దానికన్నా పెద్ద బాధ, కుర్చీలో కూర్చున్నవాళ్లు రెండే మాటలు చెప్పి లేచిపోతున్నారని. "ఒక్కరి గోడు గూడ పూరాగ వినలే గీ వారం," అన్నాడు గజాలాతో. అది చెప్పేటప్పుడు ఉర్దూ మరిచి తెలుగులోనే అన్నాడు.

ఆ ఆదివారం విజేందర్ మళ్లీ వచ్చాడు. కోపం పోయి, ముఖంలో ఏదో గెలుచుకొచ్చిన వెలుగు ఉంది. మెడలో ఆరో పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. "దోస్తు అడిగిండంటే కాదంటనా? ఇంటర్నెట్టంత ఎతికి పట్కొచ్చిన. నీకు యాపిల్ గావాలె, నాకు స్వేచ్ఛ గావాలె. దీన్ల రెండూ ఉన్నయి," అని దాన్ని ఎక్కించాడు.

దాని పేరేదో చెప్పాడు, మెహమూద్‌కు గుర్తులేదు. తెర కింద గుండ్రటి బొమ్మలు వరసగా కూర్చున్నాయి. మౌసు దగ్గరికి పోతే ఉబ్బి, దూరం జరిగితే చిక్కుతున్నాయి. మూలన గడియారం, పైన సన్నటి పట్టీ, వెనకాల కొండల ఫోటో.

"అచ్చం యాపిల్," అన్నాడు విజేందర్.

మెహమూద్ ఆశగా కొట్టి చూశాడు. మళ్లీ అదే సంత.

"యాపిల్ ఏడున్నదే అన్నా?"

"గది యాపిల్ గాదా? కింద వరస సూడు! ఆ ఉబ్బుడు సూడు!"

"అది ఉబ్బితె నాకేమొస్తది? నాకు వేళ్ల కింద గావాలె యాపిల్!"

విజేందర్ చెయ్యెత్తి ఆపాడు. "వేళ్ల కింద. సరే. సమజైంది," అన్నాడు. షాద్‌నగర్‌లో ఆయన అల్లుడు ఒక కంపెనీలో పనిచేస్తాడు. బుధవారం విజేందర్ బస్సెక్కి పోయి, అల్లుడి ఆఫీసులో మూలన పడేసిన తెల్ల కీబోర్డు ఒకటి సంచిలో వేసుకుని వచ్చాడు. వెనకాల కొరికిన పండు బొమ్మ ఉంది. రానూ పోనూ రోజంతా గడిచిపోయింది, నడుము పట్టేసింది. పాపం, దోస్తు కోసం ఆ మనిషి పడిన తిప్పలకు ఎవరైనా దండం పెట్టాల్సిందే.

మెహమూద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పలక లెక్కుంది," అన్నాడు.

"నీ వేళ్ల కింద యాపిల్!"

అప్పుడు మెహమూద్ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు పొట్ట కదిలింది, తర్వాత కుర్చీ కదిలింది. కళ్లు తుడుచుకుంటూ, యాపిల్ అంటే అక్షరాల అమరిక అని, ఛత్తా బజారు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. విజేందర్ నోరు తెరిచి విన్నాడు. వినడం అయ్యాక బస్సు టికెట్టును జేబులోంచి తీసి, ఒకసారి చూసుకుని, నాలుగు ముక్కలు చేశాడు.

"గీ ముక్క మొదలే చెప్తె నీ సొమ్మేం బోయె?"

"చెప్పిన గదన్నా, యాపిల్ అని!"

ఆ అమరిక లైనక్స్‌లో ఉండే అవకాశమే లేదని విజేందర్ తేల్చేశాడు. ప్రెస్సుల్లో వాడే పాత సరుకు ఇంత పెద్ద ప్రపంచంలో ఎవరికి గుర్తుంటుందని ఆయన లెక్క. మెహమూద్ ఆశ వదులుకున్నాడు. "గా ఉబ్బే బొమ్మలు నాకొద్దు. పుదీననే మళ్ల ఎక్కియ్యన్నా. కాగితం సూసుకుంటనే కొడత, ఏం జేస్త," అన్నాడు. ఆ తర్వాతి సోమవారం కూడా అలాగే గడిచింది.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి పుదీన ఎక్కించారు. తెలుగు పెట్టడానికి విజేందర్ ఒక పట్టిక తెరిచాడు. అలవాటైన వేగంతో పైనుంచి కిందికి జరుపుతూ ఇన్‌స్క్రిప్ట్ దగ్గర ఆపబోయాడు. వెనకాల గజాలా చాయ్ పళ్లెంతో నిలబడి ఉంది. సూదిలో దారం ఎక్కించే కళ్లద్దాలు ఇంకా ముక్కు మీదే ఉన్నాయి.

"ఆగుండ్రి భాయీసాబ్. పైకి పోనియ్యిండ్రి. గదేంది?"

"ఏది వదినా?"

"ఏ, పీ, పీ, ఎల్, ఈ. యాపిల్ గాదా?"

తెలుగు అన్న మాట పక్కనే, చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరినీ పిలవకుండా, ఎవరిమీదా అలగకుండా ఆ పేరు కూర్చుని ఉంది. విజేందర్ మెల్లగా తల గోక్కున్నాడు.

"గిది... మొదలు గూడ చూసిన. గా కంపెనీ కంప్యూటర్లున్నోళ్ల కోసరం పెట్టిండ్రేమో అనుకొని దాటేసిన."

"మొదలంటే?" అన్నాడు మెహమూద్.

"మొదటి పుదీనల చూసిన. ఉబ్బే బొమ్మల దాంట్ల గూడ చూసిన."

"సంకల పిల్లను వెట్టుకోని ఊరంత ఎతికిండ్రు ఇద్దరు," అంది గజాలా. పళ్లెం బల్ల మీద పెట్టి, "షాద్‌నగర్ దాక," అని చేర్చింది.

మెహమూద్ ఆ పేరు మీద నొక్కాడు. కీబోర్డు మీద చేతులు పెట్టాడు. గజాలా ముఖం చూస్తూ 'సవినయంగా మనవి చేయునది' అని కొట్టాడు. తెర వైపు తిరగడానికి భయపడి, "ఏం పడ్డది?" అని అడిగాడు. ఆమె తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. చదివింది. ఒక్క అక్షరం పోలేదు.

ఆయన ఆగలేదు. నోటికి వచ్చింది వచ్చినట్టు కొట్టుకుపోయాడు, పెళ్లి ముహూర్తాలు, దశదిన కర్మలు, బోరు బావుల అనుమతులు. వేళ్లు ఇంటికి చేరిన పశువుల్లా ఎవరూ అదిలించకుండానే తమ చోట్లకు పోతున్నాయి. రెండు మూడు అక్షరాలు మాత్రం పాత జాగాల నుంచి కొంచెం పక్కకు జరిగాయి. వాటిని తర్వాత మచ్చిక చేసుకోవచ్చు.

"ఎవలు పెట్టిండ్రన్నా గీ యాపిల్‌ను దీన్ల?"

"తెల్వది. ఎవరికో మనలాంటోనికి అవసరం వడ్డది. రాసుకున్నడు. తనకు పనైనంక అందరికి ఇడిసిపెట్టిండు. గంతే."

"పైసలు తీసుకోలే?"

"తీసుకోలే."

"పేరన్న పెట్టుకోలే?"

"ఏడనో లోపల ఉంటది. ఎవలు సూస్తరు?"

ఎక్కడో ఒక మనిషి తనలాగే ఇదే వరసలో వేళ్లు పెట్టి కూర్చుని ఉంటాడని, తనలాంటివాడు నల్లగొండలో ఒకడుంటాడని అతనికి తెలిసే వీలు లేదని మెహమూద్ అనుకున్నాడు. "గాయిన వేళ్లు సల్లగుండ," అన్నాడు. సరైన ఆపరేటింగ్ సిస్టమ్ ఏదని ఎవరైనా అడిగితే విజేందర్ ఇంతకుముందు గంటసేపు చెప్పేవాడు. ఇప్పుడు మాత్రం, "ముందు వాళ్లకేం గావాల్నో పూరాగ విను," అంటాడు. ఆ తర్వాత గంటసేపు చెబుతాడు.

తెల్లారి సోమవారం. వరస ఇంకా పలచగానే ఉంది. పదిన్నరకు అరుణమ్మ వచ్చింది. అదే సంచి. చేతిలో మడతలు పడిన పాత అర్జీ.

"తిప్పి పంపిండ్రు భాయ్. ఎంతమంది ఎక్కుతరు, ఏం పనిమీద ఎక్కుతరు రాయలేదు, మళ్ల రాసుకోని రమ్మన్నరు."

"తప్పు నాది చెల్లె. కూసో." మెహమూద్ చేతులు కీబోర్డు మీద పెట్టి, తల ఎత్తి, ఆమె కళ్లలోకి చూశాడు. "ఇగ చెప్పు."

ఆమె అటూ ఇటూ చూసింది. వెనకాల నిలబడ్డవాళ్లు దూరంగానే ఉన్నారు. మళ్లీ ఆయన్ని చూసింది. ఆయన ఆమెనే చూస్తున్నాడు.

"నవ్వొద్దు భాయ్."

"నవ్వ."

"నేను పదో తరగతి సదువుతున్న."

వేళ్లు కదిలాయి. ముఖం కదలలేదు.

"ఓపెన్ స్కూలు. నల్లగొండల ఆదివారమే క్లాసులు. తొమ్మిదిల ఉన్నప్పుడు నన్ను బడి మాన్పిచ్చిండ్రు, తమ్ముణ్ణి సూసుకునేటందుకు. తమ్ముడు ఇప్పుడు తాత అయిండు. ఇంక నాకు అడ్డమేంది? మా ఆయన మొదలు నవ్విండు, తర్వాత ఆయననే బుక్కులకు అట్టలేసిచ్చిండు. నేనొక్కదాన్నే గాదు. మా ఊర్ల ముగ్గురం ఉన్నం. ఒకామె అంగన్‌వాడీల ఆయమ్మ, పది పాసైతే టీచరు అయితనని ఆశ. బస్సు లేక మూడు కిలోమీటర్లు నడిచి మెయిన్ రోడ్డుకొస్తం. నిన్న వానవడ్డది. బుక్కులు కొంగుల సుట్టుకోని, మేం తడిసినం."

"నువ్వు ఎందుకోసరం సదువుతున్నవు చెల్లె? కొలువు కోసరమా?"

"నాకు కొలువెవలిస్తరు భాయ్ ఈ వయసుల? నాకోసరమే. లెక్కలల్ల ఎక్స్ అంటరు సూడు, అది ఏందో తెల్వకుంటనే సచ్చిపోతనేమో అని చిన్నప్పటిసంది రంధి. ఇప్పటికీ పూరాగ తెల్వలే. గని దగ్గరికొచ్చిన."

మెహమూద్ మాట తప్పి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆమె చెబుతూనే ఉంది, సార్లు ఎలా చెబుతారో, ఇంగ్లిషు ఎంత సతాయిస్తుందో, రేపు పరీక్షల నాడు బస్సు లేకపోతే ఏం గతో. ఒక్కసారి కూడా ఆయన చూపు కిందికి పోలేదు. ఆమె మాట ఆగేసరికి పేజీ నిండింది. మామూలుగా జనం మాటలను ఆయన కాగితపు భాషలోకి మారుస్తాడు. ఈసారి ఒక వాక్యం మాత్రం ఆమెదే ఉంచేశాడు, 'ఇది నా కోసమే చదువుకుంటున్నాను' అని.

ప్రింటు తీసి, పెన్నుతో పాటు ఆమె ముందు పెట్టాడు. "సంతకం ఇక్కడ," అని చివర వేలు చూపించాడు.

ఆమె పెన్ను తీసుకోలేదు. సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. కాగితం దగ్గరికి లాక్కుంది. పెదవులు కదిలిస్తూ మొదటి పేరా దాటింది, రెండోదాని మధ్యలో ఆగింది.

"భాయ్, ఏమనుకోవుగా?"

"ఏంది చెల్లె?"

"ప్రార్థన అన్నకాడ 'ధ' వడ్డది. అక్కడ 'థ' రావాలె. నిన్ననే మా తెలుగు సారు చెప్పిండు, పరీక్షల గీ తప్పు పెడితే మార్కు కోస్తరని."

మెహమూద్ కాగితం తీసుకుని చూశాడు. నిజమే. జరిగిన అక్షరాల్లో అదొకటి. పంతుళ్ల తప్పులు దిద్దిన తన చేత్తో ప్రార్థనకే తప్పు పడింది. కానీ ఆయనను ఆపింది అది కాదు. పాతికేళ్లలో ఈ బల్ల మీద ఎన్ని వేల అర్జీలు కొట్టాడో, ఎన్ని సంతకాలు, ఎన్ని వేలిముద్రలు పడ్డాయో. సంతకానికి ముందు తన గోడును తానే చదువుకున్న మనిషి ఈమె ఒక్కతే.

ఆయన 'ధ' తీసి 'థ' పెట్టాడు. కొత్త కాగితం తీశాడు. వెనకాల వరసలో ఒకతను "జర జల్ది కానియ్యి భాయ్" అన్నాడు. మెహమూద్ అతని వైపు చూడలేదు. తన కుర్చీ వెనక్కి జరిపి, వెలుతురు కాగితం మీద పడేలా పరదా పక్కకు లాగాడు.

"ఇంకేమన్న ఉన్నయేమో మొదటికెల్లి సదువు చెల్లె. జర గట్టిగ సదువు, అందరు ఇననీ."

అరుణమ్మ గొంతు సవరించుకుంది. వేలు మొదటి అక్షరం మీద పెట్టి, సవినయంగా మనవి చేయునది అని చదవడం మొదలుపెట్టింది.